నీరు దొరికాక తయమ్ముమ్ చెల్లదు

 

2024 వర్షాకాలం ముగిసే రోజుల్లో ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత, సంతల్లో గాజులు అమ్ముకొని జీవించే ఒక సోదరుడు మా వద్దకు వచ్చారు. వెంట ఆయన కూతురు ఉన్నది. ఆయన చేతిలోని ప్లాస్టిక్ కవరులో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వారి సీటు కేటాయింపు పత్రం ఉన్నది. అమ్మాయికి ఎం.బి.బి.ఎస్.లో సీటు వచ్చింది. అది కూడా ప్రభుత్వ కళాశాలలో, మన పాత పాలమూరు జిల్లా పరిధిలోనే. మేము "మాషా అల్లాహ్" అన్నాము. కాని ఆ తండ్రి ముఖంలో సంతోషం కన్నా దిగులే ఎక్కువగా కనిపించింది.

"మౌలానా సాబ్, బంధువులంతా వద్దంటున్నారు. శవాలను కోసే చదువట. మగ రోగులను ముట్టుకోవాలట. చదువు ముగిసేసరికి పిల్లకు పాతికేళ్లు వస్తాయి, ఇక సంబంధాలు ఎక్కడివంటున్నారు. షరీఅత్ ఏమంటున్నదో మీరు చెప్పండి, అలాగే చేస్తాను" అన్నారు. కళాశాలలో చేరడానికి నాలుగు రోజులే గడువు ఉన్నది.

పాఠకుల ముందు దాచడం ఎందుకు? ఆ సాయంత్రం మేము సూటిగా జవాబు చెప్పలేదు. "ఇస్తిఖారా చేసుకోండి, మేము కూడా కితాబులు చూసి చెబుతాము" అన్నాము. ఇస్తిఖారా సున్నతే. కాని ఆ రోజు ఆ మాట మేము సున్నత్ కోసం అనలేదు. బస్తీలో నలుగురి నోటికి వెరచి, బాధ్యత నుంచి తప్పుకోవడానికి అన్నాము. అప్పటిదాకా తలుపు పక్కన మౌనంగా నిలబడి ఉన్న ఆ అమ్మాయి అడిగింది: "హజ్రత్, మా అమ్మీకి కర్నూలులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలిపిన డాక్టరమ్మ కూడా ఎవరో ఒకరి కూతురే కదా?"

ఆ మాట విన్న తర్వాత ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి ఫజ్ర్ తర్వాత ఆ సోదరుణ్ణి పిలిపించి చెప్పిన జవాబునే, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ముస్లిం కుటుంబాలన్నింటికీ అవసరమని భావించి, ఈ నెల శీర్షికలో కొంత విపులంగా విన్నవిస్తున్నాము.

మా మదరసాలో ఫిఖ్ మొదటి తరగతి పిల్లవాడికి కూడా తయమ్ముమ్ అధ్యాయంలో ఒక నియమం నేర్పుతాము. నీరు దొరకనప్పుడు, లేక నీరు వాడలేనంత జబ్బు ఉన్నప్పుడు, శుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసి నమాజు చేయవచ్చు. అది అల్లాహ్ తన దాసులపై దయతలచి ఇచ్చిన సడలింపు. అయితే నీరు కనబడి, దానిని వాడగలిగే స్థితి ఏర్పడగానే తయమ్ముమ్ భంగమవుతుంది. ఉజ్ర్ కారణంగా లభించిన సడలింపు, ఆ ఉజ్ర్ తొలగగానే తానూ తొలగిపోతుంది. ఈ నియమం వుజూకు మాత్రమే పరిమితమైనది కాదు. మన జీవితంలోని అనేక వ్యవహారాలకు ఇదే కొలబద్ద.

వైద్యవిద్య విషయంలో మనకు చాలాకాలం పాటు నిజమైన ఉజ్ర్ ఉండేది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ మొదలుకొని నల్లమల అడవి అంచున ఉన్న అచ్చంపేట, అమ్రాబాద్ వరకు విస్తరించిన పాత మహబూబ్‌నగర్ జిల్లాలో 2016 దాకా ఒక్క ప్రభుత్వ వైద్య కళాశాల కూడా లేదు. జబ్బు ముదిరితే గద్వాల వారు కర్నూలుకో రాయచూరుకో పోవాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్ వారు మహబూబ్‌నగర్‌కో హైదరాబాదుకో పోవాలి. కూలి కోసం దేశమంతా తిరిగిన పాలమూరు మనిషి వైద్యం కోసం కూడా వలస పోయాడు. పిల్లల చదువు సంగతీ అంతే. ప్రభుత్వ సీటు కావాలంటే హైదరాబాదు, వరంగల్ పోవాలి. ప్రైవేటు యాజమాన్యపు సీటు కొనాలంటే లక్షలు కావాలి. దినకూలీ మీద బతికే మన ఇళ్లలో ఆడపిల్లను అంత దూరం పంపడం జరగని పని. కాబట్టి మనం చేతులు ముడుచుకొని కూర్చున్నాము. అది మన తయమ్ముమ్.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడేనాటికి రాష్ట్రంలో ఉన్న ప్రభుత్వ వైద్య కళాశాలలు 5, వాటిలో ఎం.బి.బి.ఎస్. సీట్లు 850. 2024 నాటికి కళాశాలల సంఖ్య 34కు చేరింది, సీట్లు 4,000 దాటాయి. పాత పాలమూరు జిల్లా వరకు చూస్తే 2016లో మహబూబ్‌నగర్‌లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, 2024లో జోగులాంబ గద్వాల, నారాయణపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలిశాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ కళాశాలలు 150 సీట్ల చొప్పున, గద్వాల కళాశాల 50 సీట్లతో ప్రారంభమయ్యాయి. ఒక్క తరం కిందట సున్నా ఉన్న చోట నేడు ఈ మూడు పట్టణాల్లోనే ఏడాదికి 350 సీట్లు ఉన్నాయి.

వైద్య కళాశాల అంటే నాలుగు తరగతి గదులు మాత్రమే కాదన్నది కూడా గుర్తించాలి. జాతీయ వైద్య కమిషన్ 2023లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం 50 సీట్ల కళాశాలకు 220 పడకల ఆసుపత్రి అనుబంధంగా ఉండాలి. 150 సీట్లకైతే 605 పడకలు ఉండాలి. కళాశాల ఉన్న చోట స్త్రీల వైద్యం, పిల్లల వైద్యం, శస్త్రచికిత్స, ఎముకలు, కళ్లు, మత్తు వైద్యం మొదలైన విభాగాలు నడవక తప్పదు. విద్యార్థికి అది చదువు, రోగికి అదే వైద్యం.

నీరు మన ఊరికి వచ్చింది. మరి వుజూకు లేచిన వారెందరు?

ఇస్లామ్‌లో విధులు రెండు రకాలన్నది మీకు తెలిసినదే. నమాజు, ఉపవాసం వంటివి ఫర్జె ఐన్. వాటిని ఎవరికి వారే నెరవేర్చాలి. జనాజా నమాజు వంటివి ఫర్జె కిఫాయా. కొందరు నెరవేరిస్తే అందరి మీది భారం దిగిపోతుంది. ఎవరూ నెరవేర్చకపోతే ఊరంతా దోషులవుతారు. వైద్యవిద్య ఈ రెండో కోవలోనిదని ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) తొమ్మిది వందల ఏళ్ల కిందటే ఇహ్యా ఉలూమిద్దీన్‌లోని జ్ఞాన ప్రకరణంలో స్పష్టం చేశారు. అంతటితో ఆగలేదు. అనేక పట్టణాల్లో ముస్లిం వైద్యుడే లేడనీ, అయినా అందరూ ఫిఖ్ వాదోపవాదాల వైపే పరుగెత్తుతున్నారనీ, వైద్యం నేర్చుకుంటే ఖాజీ పదవులు, వక్ఫ్ పెత్తనాలు లభించవు గనుక దాని ముఖం చూసేవారు లేరనీ ఆయన మందలించారు. ఆ మందలింపు మా వంటి మదరసా పండితులను ఉద్దేశించినది. అందుకే ఆ రాత్రి ఆ పుటలు చదువుతుంటే మాకు సిగ్గు వేసింది.

ఇక్కడ ఒక మాట అపార్థానికి తావు లేకుండా చెప్పాలి. మన ప్రాంతంలో మనకు వైద్యం చేస్తున్న వారిలో అత్యధికులు హిందూ, క్రైస్తవ సోదర సోదరీమణులే. వారి మేలు మనం మరువరాదు. మన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు, సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా అనే వైద్యుని వద్దకు పొమ్మని చెప్పినట్లు హదీసు గ్రంథాల్లో ఉన్నది. చూడవలసినది వైద్యుని నైపుణ్యమే అన్నది దీనివల్ల తెలుస్తున్నది. కాబట్టి మన వైద్యం మనమే చేసుకోవాలన్నది ఇక్కడ సమస్య కాదు. ఊరందరికీ చెందిన ఒక భారాన్ని మోయడానికి మన భుజం కూడా కలపవద్దా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న మన ఆడపిల్లల విషయంలో మరింత సూటిగా ఎదురవుతుంది. మన స్త్రీలకు జబ్బు చేస్తే మనం మొదట అడిగే మాట, "లేడీ డాక్టర్ ఉన్నారా?" అని. లేరంటే కొందరు జబ్బును దాచుకుంటారు, కొందరు వాయిదా వేస్తారు. ప్రతి ఇంటికీ లేడీ డాక్టర్ కావాలి. కాని ఏ ఇల్లూ తన కూతురు లేడీ డాక్టర్ కావడానికి ఒప్పుకోదు. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకు కూడా మనం వెంటనే సంబంధం వెదుకుతాము. ఇతరుల కూతుళ్లు రాత్రింబవళ్లు చదివి మన కూతుళ్లకు పురుడు పోయాలన్నమాట. ఇది న్యాయమేనా? 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి తెలంగాణ జిల్లాలన్నింటిలో అక్షరాస్యత అతి తక్కువగా ఉన్నది జోగులాంబ గద్వాల ప్రాంతంలోనే. అప్పటికి అక్కడ సగం మందికి చదవను రాయను రాదు. అటువంటి గడ్డ మీద ఒక ఆడపిల్ల వైద్యవిద్యకు అర్హత సంపాదిస్తే, ఆమెను ఆపడానికి మనకు ఎంత బలమైన కారణం ఉండాలి!

ఆ తండ్రి చెప్పిన కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటిది, శవాలను కోయడం. మానవ దేహానికి మరణానంతరం కూడా గౌరవం ఉన్నది, సందేహం లేదు. అయితే బతికి ఉన్నవారి ప్రాణరక్షణ అంతకన్నా పెద్ద అవసరం. వైద్యవిద్య కోసం అవసరమైన మేరకు, గౌరవానికి భంగం కలుగకుండా, షరతులతో శవపరీక్ష చేయవచ్చునని మక్కాలోని రాబితా సంస్థకు చెందిన ఫిఖ్ అకాడమీ 1987లో తీర్మానించింది.

రెండవది, మగ రోగులు. దైవప్రవక్త (స) కాలంలో రుఫైదా (రజి) అనే సహాబియా గాయపడినవారికి చికిత్స చేసేవారు. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను ఆమె సంరక్షణలోనే ఉంచారు. ఆ గుడారం ఎక్కడ వేశారో గమనించండి, మస్జిదె నబవీ ఆవరణలో! రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) వంటి సహాబియాలు యుద్ధరంగంలో క్షతగాత్రులకు నీళ్లు తాగించి, చికిత్స చేసినట్లు బుఖారీ గ్రంథంలో ఉన్నది. అవసరం మేరకు, హయాను కాపాడుకొంటూ చేసే వైద్యానికి షరీఅత్ తలుపు మూయలేదు. పైగా మన ఆడపిల్లలు వైద్యులైతే మన స్త్రీల పర్దా మరింత భద్రమవుతుంది.

మూడవది, దూరం. ఇదొక్కటే నిజమైన ఉజ్ర్‌గా ఉండేది. నేడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలకు ఆ ఉజ్ర్ చాలావరకు తొలగిపోయింది. తండ్రి ఉదయం బస్సెక్కి బిడ్డను చూసి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. సీట్లు ర్యాంకును బట్టి కేటాయిస్తారు గనుక ఏ పిల్లకు ఏ కళాశాల వస్తుందో ముందుగా చెప్పలేము. అయినా ఇంత దగ్గరలో ఇన్ని కళాశాలలు ఉండడం మన తల్లిదండ్రుల గుండెకు ధైర్యమే.

నాల్గవది, పెళ్లి. దీనికి జవాబు ఆ తండ్రి వద్ద లేదు, షరీఅత్‌లో దీనికి నిషేధమూ లేదు. జవాబు చెప్పవలసింది కొడుకులున్న తల్లిదండ్రులు. చదువుకున్న పిల్లను కోడలిగా తెచ్చుకోవడానికి వెనుకాడుతున్నది వారే కదా. మా జుమా ప్రసంగంలో ఈ మాట ఇప్పటికి రెండుసార్లు చెప్పాము. మూడోసారి కూడా చెబుతాము.

ఇక ఖర్చు మాట. ప్రభుత్వ కళాశాలలో ఫీజు ప్రైవేటుతో పోలిస్తే నామమాత్రం. హాస్టలు, పుస్తకాలు, ఉపకరణాల ఖర్చు ఉంటుంది. జకాత్‌కు అర్హురాలైన విద్యార్థినికి ఆ సొమ్మును ఆమె సొంతం చేసి అప్పగిస్తే జకాత్ నెరవేరుతుంది. ఇందులో సంకోచం అక్కరలేదు. ఒక బస్తీ బైతుల్‌మాల్ ఐదున్నర సంవత్సరాలు ఒక్క విద్యార్థినికి అండగా నిలిస్తే, అది ఆ బస్తీకి సదఖయె జారియా అవుతుంది.

రిజర్వేషన్ సంగతి కూడా చాలామందికి స్పష్టంగా తెలియదు. 2007 నాటి చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఏర్పడింది. దానిని హైకోర్టు కొట్టివేసినా, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల వల్ల అది కొనసాగుతున్నది. 150 సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోగా మిగిలిన వాటిలో 4 శాతం అంటే సుమారు ఐదు సీట్లు. 50 సీట్ల కళాశాలలో ఒకటో రెండో. కొత్త కళాశాల తెరిచిన ప్రతిసారీ బడుగు వర్గాల పిల్లలకు ఇలా కొన్ని తలుపులు తెరుచుకుంటాయి. ఆ తలుపులోనుంచి పోవాలంటే నీట్ రాయాలి, దానికి ముందు కులధ్రువీకరణ పత్రం సిద్ధంగా ఉండాలి. ఫలితాలు వచ్చాక తహశీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి గడువు దాటబెట్టుకున్న ఇళ్లను మేము ఎరుగుదుము.

మదరసా పిల్లలకు కూడా ఈ దారి మూసి లేదు. పొరుగున ఉన్న బీదర్‌లో షాహీన్ విద్యాసంస్థలు ఖుర్ఆన్ హాఫిజులకు ప్రత్యేక తరగతులు నడిపి, గణితం, విజ్ఞానశాస్త్రాలు మొదటినుంచి నేర్పి, నీట్‌కు సిద్ధం చేస్తున్నాయి. అలా వైద్యవిద్యలో అడుగుపెట్టిన హాఫిజులు ఉన్నారు. ముప్పై పారాలు కంఠస్థం చేసిన బుద్ధికి శరీరశాస్త్రం అందనిది కాదు.

ఇంతవరకు మన వంతు చెప్పాము. ఇక ప్రభుత్వం వంతు. ఫిఖ్‌లో నీరు కనబడితే చాలదు, వుజూకు సరిపడా ఉండాలి. కడవ ఉండి అందులో నీరు లేకపోతే తయమ్ముమ్ భంగం కాదు. మదరసా నడిపేవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. గోడలు లేచినంత మాత్రాన మదరసా కాదు, ఉస్తాదు కూర్చున్నప్పుడే అది మదరసా. 2025లో జాతీయ వైద్య కమిషన్ మన రాష్ట్రంలోని 34 ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 26 కళాశాలలకు అధ్యాపకుల కొరత మొదలైన లోపాలపై నోటీసులు ఇచ్చింది. సీట్లు పెంచినంత వేగంగా అధ్యాపకులు తయారు కారు. ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడు సంవత్సరాలు పీజీ చేసినవారే అధ్యాపకులు, నిపుణులు అవుతారు. అందువల్ల పీజీ సీట్లు కూడా పెరగాలి, చిన్న పట్టణంలో పనిచేసే అధ్యాపకునికి ఇల్లు, పిల్లలకు మంచి బడి, అదనపు వేతనం ఉండాలి. లేకపోతే ఉదయం హైదరాబాదు నుంచి వచ్చి సాయంత్రం తిరిగిపోయే గురువు దగ్గర విద్యార్థి ఏమి నేర్చుకుంటాడు?

నాణ్యత మీద పట్టుదల మన చరిత్రకు కొత్త కాదు. క్రీ.శ. 931లో బాగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వల్ల ఒక మనిషి మరణించాడు. ఆ వార్త తెలిసిన ఖలీఫా ముఖ్తదిర్, పరీక్షలో నెగ్గనిదే ఎవరూ వైద్యం చేయరాదని ఆజ్ఞాపించి, ఆ పరీక్షల బాధ్యతను సినాన్ బిన్ సాబిత్ అనే వైద్యునికి అప్పగించారు. ఒక్క బాగ్దాదులోనే ఎనిమిది వందల అరవై మందికి పైగా పరీక్షకు నిలిచారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన మన్సూరీ ఆసుపత్రిలో పేద ధనిక భేదం లేకుండా రోగులను చూసేవారు, అక్కడే వైద్యవిద్య బోధించేవారు, ఖర్చంతా వక్ఫ్ ఆదాయం నుంచి వచ్చేది. మన హైదరాబాదులోనే 1846లో నిజామ్ నాసిరుద్దౌలా కాలంలో ప్రభుత్వ ఖర్చుతో వైద్య పాఠశాల మొదలైంది. ఆధునిక వైద్యాన్ని అక్కడ తొలి దశాబ్దాల్లో ఉర్దూలోనే బోధించారు, ఉత్తీర్ణులకు హకీమ్ అనే బిరుదు ఇచ్చారు. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. ప్రజల సొమ్ముతో వైద్యులను తయారుచేయడం మన గడ్డకు దాదాపు 180 ఏళ్ల అలవాటు.

ప్రజల సొమ్ము అన్నాము. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 5,000 పీజీ సీట్లు, 5,023 ఎం.బి.బి.ఎస్. సీట్లు పెంచడానికి ఆమోదం తెలిపింది. ఒక్కో సీటుకు ఖర్చు పరిమితిని 1.5 కోట్ల రూపాయలుగా నిర్ణయించింది. సబ్బుబిళ్ల కొని పన్ను కట్టే ప్రతి పేద ఇంటి పైసా అందులో ఉన్నది. అంటే ప్రభుత్వ సీటులో చదివిన ప్రతి వైద్యుడూ ఊరికి ఋణపడి ఉన్నాడు. మరి ఆ వైద్యుడు ఊరిలో నిలుస్తాడా?

ఈ చిక్కు అన్ని దేశాల్లోనూ ఉన్నది. జపాను దేశం 1972లో జిచీ వైద్య విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. ప్రతి రాష్ట్రం నుంచి కొద్దిమంది విద్యార్థులను ఎంచుకొని, చదువు ఖర్చు భరించి, చదువు ముగిశాక తొమ్మిది సంవత్సరాలు తమ సొంత రాష్ట్రంలో, ముఖ్యంగా వైద్యులు లేని పల్లెల్లో సేవ చేయాలని షరతు పెట్టారు. సేవ చేస్తే ఖర్చు తిరిగి కట్టనక్కరలేదు. మన వద్ద కూడా నడిగడ్డ, నల్లమల ప్రాంతాల పిల్లలకు సొంత ప్రాంత సేవ షరతుతో కొన్ని సీట్లు ప్రత్యేకించాలని మన ప్రజాప్రతినిధులను అడగడం న్యాయమైన కోరిక. చెంచుపెంటల మొదలు మన బస్తీల వరకు దాని ఫలం అందరికీ అందుతుంది.

ఓపిక కూడా అవసరం. ఎం.బి.బి.ఎస్. అంటే నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. 2022 నవంబరులో తరగతులు మొదలైన వనపర్తి, నాగర్‌కర్నూల్ కళాశాలల నుంచి తొలి వైద్యులు వెలువడేది 2028 ప్రాంతంలో. గద్వాల నుంచి 2030 ప్రాంతంలో. నిపుణులు కావడానికి మరో మూడేళ్లు. అంతవరకు పల్లెల్లో అర్ధరాత్రి తలుపు తడితే లేచేది ఆర్.ఎం.పి.లే. వారి సేవాభావాన్ని తక్కువ చేయము. కాని వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడవుతాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. సెలైన్ ఎక్కించినవాడల్లా వైద్యుడు కాడు. జ్వరం రెండు రోజులు దాటితే, గర్భిణికి కాళ్లు వాచితే, ఛాతీలో నొప్పి వస్తే జిల్లా ఆసుపత్రికి పోవడం మన మీద మనకున్న అమానత్.

ఆ సోదరునికి మేము ఫజ్ర్ తర్వాత చెప్పినది రెండే మాటలు. "భాయ్, నీరు మీ ఇంటి ముంగిటికి వచ్చింది. ఇక మట్టి కోసం వెదకకండి." ఆయన కాసేపు తలవంచుకొని, "అయితే మధ్యాహ్నం బస్సుకే బయలుదేరుతాము" అన్నారు.

ఆ అమ్మాయి మొన్న సెలవులకు ఇంటికి వచ్చింది. వైద్య విద్యార్థులు ఒక ఊరిలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండాలన్న నియమం ఇప్పుడు చదువులో భాగం. ఆ అలవాటుతో తమ గల్లీలోని ఆడవారి రక్తపోటు చూసిందట. మా ఇంటివారు కూడా పోయారు. ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువ ఉన్నదట. అమ్మాయి మందు రాయలేదు. "నేను ఇంకా డాక్టర్ని కాలేదు, రేపే ఆసుపత్రికి పోండి" అని కాగితం మీద అంకెలు రాసి పంపింది. ముప్పై ఏళ్లుగా తలనొప్పి అంటే జండూబామ్ రాసుకొని పడుకొన్న మనిషి, ఒక ఆడపిల్ల చెబితే మర్నాడు ఆసుపత్రికి నడిచి వెళ్లారు. మేము చెబితే ఎన్నడూ వెళ్లలేదు.

ఒక ప్రాణాన్ని నిలిపినవాడు మానవులందరి ప్రాణాలను నిలిపినవానితో సమానమని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరాలో బోధిస్తున్నది. ఆ పుణ్యంలో మన ఇంటి బిడ్డకు వాటా వచ్చే అవకాశం తలుపు ముందు నిలిచి ఉంటే, నలుగురి నోటికి వెరచి గడువు దాటనీయకండి. మేము ఒక రాత్రి జాగు చేశాము. ఆ ఒక్క రాత్రికే అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక! మన పల్లెలకు నేర్పుగల వైద్యులను, వారికి నేర్పగల గురువులను, రోగులందరికీ స్వస్థతను ప్రసాదించుగాక! ఆమీన్.